చేసినవా రొకరు, అనుభవించువా రొకరు

'చేసుకున్నవారికి చేసుకున్నంత మహదేవ' అను సామెత తెలుగునాట ఎన్ని తరములుగా నలుగుచున్నదో చెప్పుట కష్టము. అందులో ఒక ఊరట కలదు, ఒక హెచ్చరికయు కలదు. చేసినవాడే అనుభవించును గనుక లోకమున లెక్క తప్పదనుట ఊరట. చేయకముందే ఆలోచించుకొమ్మనుట హెచ్చరిక. దొంగతనము చేసినవాడు చెరసాలకు పోవును; కల్లలాడినవాని మాట చెల్లదు; దున్నక పండుకొన్నవాని గాదె నిండదు. చేతకును దాని ఫలమునకును నడుమ దూరము తక్కువగా నున్నంతకాలము ఈ లెక్క ఎవరును నేర్పనక్కరలేకయే తెలియుచుండును. ఊరిలో చెరువుకట్ట తెగగొట్టినవాని పొలమే ముందుగా మునిగినచో ధర్మశాస్త్రము చదువవలసిన పని యేమున్నది?

ఆ దూరము పెరిగినప్పుడు సామెత యేమగును? చేత ఒక ఖండమున జరిగి ఫలము మరియొక ఖండమున పడినచో, చేసినవాడు తాత యై అనుభవించువాడు మనుమడైనచో, చేసినవారు కోట్లమందియై ఒక్కొక్కని పాలు ఆవగింజంత యైనచో, ఆ లెక్కను ఎవరు చూడవలెను? హిమాలయములలోని ఒక చిన్న గ్రామము ఈ ప్రశ్నను లోకము ముందుంచుచున్నది.

ఉత్తరాఖండ్ రాష్ట్రములోని చమోలీ జిల్లాలో, ఋషిగంగ వచ్చి ధౌలీగంగలో కలియు చోటికి చేరువగా రైణీ యను గ్రామము కలదు. అచ్చటివారు భోటియా తెగవారు. పూర్వము టిబెట్టుతో వర్తకము సాగించినవారు; 1962 నాటి యుద్ధముతో ఆ త్రోవ మూతపడగా పొలము, పశువులు, అడవి మాత్రమే వారికి మిగిలెను. 1974వ సంవత్సరము మార్చి 26వ తేదీన గుత్తదారుని మనుష్యులు ఆ యడవిలో చెట్లు నరకుటకు వచ్చిరి. ఆనాడు ఊరి మగవారు తమ భూములకు రావలసిన నష్టపరిహారము ముట్టునని విని చమోలీ పట్టణమునకు పోయియుండిరి. గౌరాదేవి యను వితంతువు ఇరువదిమందికి పైగా స్త్రీలను, బాలికలను వెంటబెట్టుకొని అడవికి పోయి, చెట్లకును గొడ్డళ్లకును నడుమ నిలిచెను. ఆమె బడికి పోయినది కాదు. ఈ యడవి తమకు పుట్టినిల్లని మాత్రము చెప్పెను. బెదిరించినను, తుపాకి చూపినను ఆ స్త్రీలు కదలలేదు. రాత్రియంతయు కాపు కాచిరి. వచ్చినవారు మరలిపోయిరి. చండీప్రసాద్ భట్టు మొదలైనవారు 1973లోనే ఆరంభించిన చిప్కో ఉద్యమమునకు అప్పటినుండి రైణీ పేరు విడదీయరానిదై నిలిచెను. ప్రభుత్వము నియమించిన సంఘము విచారణ జరిపిన మీదట అలకనంద ఎగువ ప్రాంతమున పదేండ్లపాటు చెట్లు కొట్టుట నిషేధింపబడెను.

ఈ స్త్రీలు చేసిన పనిని భావావేశమని తలంచుట పొరపాటు. 1970 జులైలో అలకనందకు వచ్చిన వరద ఊళ్లను, వంతెనలను, వాహనములను కొట్టుకొనిపోయినది. చెట్టు పోయిన కొండ వానకు జారునని, జారిన మన్ను నదిని అడ్డగించునని, అడ్డు తెగిన నది ఊరిని మ్రింగునని వారు కన్నులార చూచిరి. అనగా చేతకును ఫలమునకును గల సంబంధమును వారు దేశములో అందరికంటె ముందుగా గ్రహించి, తమ వంతు ధర్మమును నెరవేర్చిరి. సామెత నిజమైనచో, క్షేమము మొట్టమొదట కలుగవలసినది ఆ ఊరికే.

2021వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీ ఆదివారము ఉదయమున, వాన లేని శీతకాలములో, ఎగువనున్న రోంటీ శిఖరము నుండి రాయి, మంచు కలిసిన మహాఖండ మొకటి విరిగిపడెను. దాని పరిమాణము దాదాపు 2 కోట్ల 70 లక్షల ఘనపు మీటర్లని శాస్త్రజ్ఞులు తరువాత లెక్కగట్టిరి. అది సుమారు 1,800 మీటర్ల లోతునకు పడి, ఆ రాపిడికి మంచు కరిగి నీరై, రాళ్లతో బురదతో కలిసి ఋషిగంగ లోయను ముంచెత్తెను. రైణీ వద్ద కట్టిన 13.2 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రము ఆనవాలు లేకుండ పోయెను. దిగువన తపోవనమున నిర్మాణములో నున్న 520 మెగావాట్ల కేంద్రపు సొరంగములలో పనిచేయుచున్న కూలీలు బురదలో చిక్కుకొనిరి. మరణించినవారును, జాడ తెలియనివారును కలిసి రెండువందలకు పైబడిరి. ఆ చిన్న కేంద్రము కొండను పేల్చుచున్నదని, నదిలో రాళ్లు పోయుచున్నదని రైణీవారు 2019లోనే ఉన్నత న్యాయస్థానమునకు మొరపెట్టుకొనియుండిరి. ఉపద్రవము జరిగిన సంవత్సరమే, ఊరు క్రుంగుచున్నదనియు రోడ్డు వేయవలెననియు గౌరాదేవి విగ్రహమును కూడ అచ్చటినుండి తొలగించిరి.

రైణీ ఏమి చేసుకున్నది?

ఇట్టి ప్రశ్నకు తొందరపడి బదులు చెప్పరాదు. ముందుగా తెలిసినంత మేరకు నిజమును నిజముగా చెప్పుకొనుట యుక్తము. బొగ్గు, చమురు మండించుట వలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరుగుచున్నది. 1958లో కొలుచుట ఆరంభించినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో అది 315 పాళ్లు. 2024 నాటికి 420 దాటినది. ఆ వాయువు భూమినుండి పైకి పోవు వేడిని దుప్పటివలె పట్టియుంచును. హిందూకుష్ మొదలు హిమాలయముల వరకు గల పర్వతములలోని హిమానీనదములు 2011-2020 నడుమ, అంతకు ముందటి పదేండ్లకంటె 65 శాతము వేగముగా తరిగినవని ఖాట్మండులోని అంతర్జాతీయ పర్వతాభివృద్ధి కేంద్రము 2023లో ప్రకటించెను. మండించుట ఇట్లే సాగినచో ఈ శతాబ్దాంతమునకు ఇప్పుడున్న మంచులో 80 శాతము వరకు పోవచ్చుననియు ఆ కేంద్రము తెలిపెను. ఆ కొండలలో నివసించువారు 24 కోట్లమంది. ఆ కొండలనుండి దిగు నదుల ఒడ్డున నివసించువారు 165 కోట్లమంది.

అయితే రోంటీ శిఖరము విరిగినది కేవలము ఈ వేడివలననే యని శాస్త్రజ్ఞులు చెప్పలేదు. చెప్పకుండుట వారి నిజాయితీ. మంచు పట్టు సడలిన కొండ, మునుపటికంటె సులభముగా విరుగునని మాత్రము చెప్పిరి. ఇందు జాగ్రత్త అవసరము. 2035 నాటికే హిమాలయ హిమానీనదములు మాయమగునని 2007లో ఒక అంతర్జాతీయ నివేదికలో పడిన మాట ఆధారము లేనిదని 2010లో ఆ సంఘమే ఒప్పుకొనవలసి వచ్చెను. అతిశయోక్తి చెప్పి భయపెట్టిన ధర్మము ఎంతోకాలము నిలువదు. ఉన్నది ఉన్నట్లు చెప్పినను భయపడుటకు చాలినంత యున్నది.

ఇక బదుళ్ల విషయము. పెద్దలు చెప్పెడి మొదటి బదులు పూర్వజన్మ కర్మము. రైణీవారు ఈ జన్మమున మేలు చేసినను పూర్వము ఏదో కీడు చేసియుందురు, దాని ఫలమే యిది యని కొందరందురు. ఈ మాటకు ఖండన లేదు, ఏలయన దానికి సాక్ష్యము లేదు. కాని దాని ఉపయోగమేమో చూడవలెను. ఎదుటివాని దుఃఖమునకు అతని పూర్వజన్మమును కారణముగా చూపువాడు, అదే క్షణమున తన ఈ జన్మపు చేతను లెక్కనుండి తప్పించుకొనుచున్నాడు. పుట్టుకను బట్టి మానవుని హీనుడని ముద్రవేయుటకు పన్నెండవ శతాబ్దమున కల్యాణములో ఎవరెవరు ఏ కర్మసిద్ధాంతమును వాడుకొనిరో, ఆ వాదమును బసవేశ్వరుడును ఆయన తోటి శరణులును ఎట్లు త్రోసివేసిరో ఈ పత్రిక పాఠకులకు వివరింపనక్కరలేదు. అంటరానివాని అవస్థకు పనికిరాని సమాధానము రైణీ అవస్థకును పనికిరాదు.

రెండవ బదులు దేవతాగ్రహము. ఇది 2013లో విరివిగా వినబడెను. ఆ సంవత్సరము జూన్ 16వ తేదీకే నైరుతి ఋతుపవనము దేశమంతట వ్యాపించెను. అప్పటి లెక్క ప్రకారము మామూలుగా అట్లు జరుగవలసినది జులై నడుమ. కేదారమునకు పైనున్న చోరాబారీ హిమానీనదము ప్రక్కన వాననీటితో కరిగిన మంచుతో నిండిన సరస్సు 17వ తేదీ ఉదయమున గట్టు తెగి మందాకినిపై పడెను. త్రోవలో యాత్రికుల మజిలీ యైన రామ్‌బాడా తుడిచిపెట్టుకొని పోయెను. రాష్ట్రమంతట మరణించినవారు ఐదువేలకు పైబడిరి. వారిలో అత్యధికుల దేహములైనను దొరకలేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన యాత్రికులు అనేకులు ఆ లోయలలో చిక్కుకొనిరి. జూన్ 16వ తేదీ సాయంకాలమే, దిగువన శ్రీనగర్ వద్ద జలవిద్యుత్ కేంద్రము కొరకు ధారీదేవి విగ్రహమును తన పీఠమునుండి కదలించిరనియు, దేవి కోపించెననియు ప్రజలు చెప్పుకొనిరి. తేదీలు కలియుట నిజమే. కాని కోపించిన దేవి ఆనకట్ట కట్టించినవారిని విడిచి, గుర్రముపై ముసలివారిని ఎక్కించుకొని కొండ యెక్కు బడుగువానిని శిక్షించునా? మందాకినీ లోయలోని కొన్ని గ్రామములలో యాత్రాకాలపు కూలికి పోయిన మగవారు అనేకులు తిరిగి రాలేదు. ఇంటింట వితంతువులే మిగిలిరి. దేవి పేరు చెప్పి ఈ అన్యాయమును సమర్థించుట దేవిని అవమానించుటయే యగును.

దీనికి మరియొక ముఖమున్నది. ఆ ప్రళయమున ఒక పెద్దబండ దొర్లివచ్చి ఆలయము వెనుక నిలిచి ప్రవాహమును చీల్చుటచే ఆలయము నిలిచెను. శివుడు తన గుడిని కాపాడుకొనెనని భక్తులు పొంగిపోయిరి. కేదారము వీరశైవులకు పరాయి క్షేత్రము కాదు. పంచపీఠములలో నొకటి అచ్చటి ఊఖీమఠమున కలదు. ఆలయపు రావల్ పదవి కర్ణాటకమునుండి పోయిన వీరశైవ జంగములకు పరంపరగా వచ్చుచున్నది. చలికాలమున ఆరునెలలు కేదారేశ్వరుని పూజ ఊఖీమఠముననే జరుగును. కావున ఆలయము నిలిచినందుకు సంతోషించుట సహజమే. కాని దేహమునే దేవాలయముగా భావింపుమని, స్థావరముకంటె జంగమము మిన్న యని నేర్చినవాడు అక్కడితో ఆగలేడు. రాతిగుడి నిలిచినది, దాని చుట్టునున్న వేలకొలది దేహాలయములు కూలినవి. ఏది కాపాడబడినట్లు? ఈ ప్రశ్న అడుగుట నాస్తికత్వము కాదు. శరణుల బోధ తెలిసినవానికి ముందుగా తోచవలసిన ప్రశ్న యిదియే.

మూడవ బదులు నేటి విద్యావంతులది. హిమాలయములు భూమిమీద చిన్నవయసు పర్వతములు. అవి ఇంకను లేచుచున్నవి. కొండలు విరుగుట, నదులు పొంగుట వాటి స్వభావము. ఇందు ఎవరి తప్పును లేదని వారందురు. ఈ మాటలో సగము సత్యము. 1893లో గఢ్వాలులో కొండ విరిగి బిరహీగంగకు అడ్డుపడగా గోహ్నా యను మహాసరస్సు ఏర్పడెను. కొండ విరుగుటకు అప్పుడు ఎవరును కారణము కారు. ఆనాటి ఇంజనీర్లు ఆ గట్టు మరుసటి వానకాలమున తెగునని లెక్కించి, దిగువ ఊళ్లకు తంతితీగలు వేయించి, ఒడ్డున నీరు ఎక్కు ఎత్తునకు గురుతురాళ్లు పాతించి, జనులను పైకి తరలించిరి. 1894 ఆగస్టు చివర గట్టు తెగెను. శ్రీనగర్ పట్టణము కొట్టుకొనిపోయెను. చనిపోయినవారు మాత్రము ఐదుగురు. వారును తరలించిన తరువాత వలదన్నను తిరిగి వచ్చిన ఒక ఫకీరు కుటుంబమువారే. ఆ ప్రభుత్వము పరాయి ప్రభుత్వము. ఈ దేశమునకు అది చేసిన కీడు తక్కువ కాదు. ఐనను ఆ సంవత్సరము అది చేసిన పనిని మెచ్చుకొనక తప్పదు. కొండ విరుగుట ప్రకృతి; మనుష్యులు దానిక్రింద చచ్చుట ప్రకృతి కాదని అది చూపినది.

దీనికి ఎదురుగా జోషీమఠమును నిలిపి చూడవలెను. ఆ పట్టణము పాత కొండచరియ మన్నుపై కట్టబడినదనియు, పెద్ద కట్టడములు కూడవనియు, రాళ్లు పేల్చరాదనియు, చెట్లు నరకరాదనియు మిశ్రా సంఘము 1976లోనే నివేదిక నిచ్చెను. నివేదిక నిలిచియే యున్నది. దాని ప్రక్కన హోటళ్లు లేచినవి, రోడ్లు తొలచబడినవి, క్రింద సొరంగములు త్రవ్వబడినవి. 2023 జనవరిలో ఎనిమిదివందలకు పైగా ఇండ్లలో పగుళ్లు పడగా జనులు మూటలు కట్టుకొని బయటికి వచ్చిరి. ఇందు కొండ తప్పెంత, నలుబదియారేండ్లు చెవిన పెట్టనివారి తప్పెంత?

మిగిలినది నాలుగవ బదులు. అన్నిటికంటె బలమైనది, అన్నిటికంటె మెత్తనిది అదియే. లోకమున ఎనిమిదివందల కోట్లమంది యున్నారు; అందు ఒక్కని ఇంటి దీపమువలన, ఒక్కని వాహనమువలన హిమాలయము కరుగదు; ఒకడు మానినను కరుగుట ఆగదు; కనుక ఏ ఒక్కడును దోషి కాడు అనునది ఆ వాదము. తర్కమున దీనిని గెలుచుట కష్టము. హంతకుడు ఎవడో తెలియనిచోట, చంపవలెనను తలంపే ఎవనికిని లేనిచోట, దోషమును ఎవని తలపై పెట్టుదురు?

శరణుల చరిత్రలో దీనికి సరిపడు ఒక వృత్తాంతమున్నది. ఆయ్దక్కి మారయ్య కల్యాణములో నేల రాలిన బియ్యపుగింజలను ఏరుకొని, వాటితోనే జంగమదాసోహము జరుపుచుండెడివాడు. ఒకనాడు ఆయన మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. దొంగిలించినది కాదు, రాలిన గింజలే. ఎవరి నోటిదగ్గర కూడును లాగలేదు. అయినను ఇల్లాలు లక్కమ్మ ఆ బియ్యమును వండలేదు. ఆనాటి అవసరమునకు మించినది తీసుకొనుట ఆశయే యని చెప్పి, ఎక్కువైనదానిని తెచ్చినచోటనే వేసి రమ్మని భర్తను పంపెను.

ఈ కథను సాధారణముగా లోభమునకు వ్యతిరేకముగా చెప్పుదురు. దానిలో ఇంతకంటె సూక్ష్మమైన ధర్మమున్నది. ఆ ఎక్కువ బియ్యమువలన ఎవడు పస్తుండెనో చూపుమని లక్కమ్మను అడిగినచో ఆమె చూపలేదు. పిచ్చుకలో, చీమలో, ఇంకొక బీదవాడో, ఎవరో యొకరు. ఆమె నష్టపడినవానిని వెదకలేదు, కొలతను చూచెను. కొలత దాటినచో అది పరులదే, ఆ పరుడు కనబడినను కనబడకున్నను. తలంపులో కీడు లేదనుట, తన పాలు చిన్నదనుట ఆమె వంటింటి గడప దాటి లోపలికి రాలేదు. నాలుగవ బదులునకు ఇదియే ప్రత్యుత్తరము. దోషి యెవడని అడుగుట న్యాయస్థానపు ప్రశ్న. ఎక్కువ తెచ్చినది ఎంత యనుట కాయకపు ప్రశ్న. మొదటిదానికి సాక్షులు కావలెను. రెండవదానికి ఎవని గంప వానికి చాలును.

ఆ కొలత అందరికిని ఒక్కటి కాదు. ఏటికి తలకొక అమెరికా పౌరుని పేర గాలిలోనికి పోవు బొగ్గుపులుసు వాయువు దాదాపు 14 టన్నులు. సగటు భారతీయుని పేర పోవునది దాదాపు 2 టన్నులు. ఆ రెండు టన్నులలోను ఉన్నవాని పాలు వేరు, లేనివాని పాలు వేరు. పాలమూరునుండి కూలికి వలసపోవువానిని పట్టుకొని హిమాలయము కరుగుటకు నీవు కారకుడవనుట క్రౌర్యము. కాని సింగరేణి బొగ్గుతో నడచు విద్యుత్తుతో నాలుగు గదులను చల్లబరచుకొని, ఒక్కడే పోవుటకు ఒక కారు వాడువాడు, దేశపు సగటు చూపి తప్పుకొనరాదు. బీదవాని తక్కువను తన ఎక్కువకు కప్పుకొనుట అగును. దేశములు ఈ పని చేయుచున్నవి. ఇంట ఇంట కూడ ఇది జరుగుచున్నది.

ఇచ్చట మాటల తేడా గమనింపదగినది. 2015లో పారిస్ నగరమున దేశములన్నియు కూడి ఒడంబడిక చేసికొన్నప్పుడు, వాతావరణపు మార్పువలన కలుగు నష్టమును గుర్తించు అధికరణమొకటి చేర్చిరి. దానితోపాటు, ఈ అధికరణము బాధ్యతకు గాని నష్టపరిహారమునకు గాని ఆధారము కాదని తీర్మానములో స్పష్టముగా వ్రాసికొనిరి. 2022లో ఈజిప్టులో నష్టపడిన దేశములకొరకు ఒక నిధిని పెట్టుటకు అంగీకరించిరి. అదియు సహాయమే, బాకీ కాదు. ధనిక దేశములు డబ్బు ఇచ్చుటకంటె 'బాకీ' అను మాటకు ఎక్కువ భయపడినవి. భయమునకు కారణము లేకపోలేదు. దానమిచ్చువాని చేయి పైన నుండును. ఇచ్చినంత ఇచ్చును, తోచినప్పుడు మానును, పుచ్చుకొన్నవాని కృతజ్ఞతను పొందును. బాకీ తీర్చువానికి ఈ సుఖములేవియు లేవు.

బసవేశ్వరుడు దానమునకును దాసోహమునకును చూపిన భేదము సరిగా ఇదియే. దానములో 'ఇచ్చితిని' అను అహంకారము మిగులును. దాసోహములో ఇచ్చునది తనది కాదు. కాయకమువలన చేతికి వచ్చి, అవసరమునకు మించి మిగిలి, చేరవలసినచోటికి చేరుచున్నది. తీసికొనువాడు తక్కువవాడు కాడు. వరద వచ్చినప్పుడు దుప్పట్లు, బియ్యపు మూటలు పంపు మంచి మనసు తెలుగువారికి ఎన్నడును కొదువ లేదు. 2013లోను కొరత పడలేదు. ఆ మూటపై ఏమి వ్రాసి పంపుచున్నారనునదే ప్రశ్న. జాలి యని వ్రాసినచో ఒక మూటతో తీరును. బాకీ యని వ్రాసినచో మూట పంపిన మరునాడు ఇంటిలోని ఖర్చును చూచుకొనవలసి వచ్చును.

యాత్రను గూర్చియు ఈ లెక్క చూడవలసినదే. తెలుగు వీరశైవునకు పర్వతమనగా మొదట శ్రీశైలము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున ఒక ప్రకరణమునకు పర్వతమనియే పేరిడెను. ఆ కాలమున యాత్రికుడు కొండకు నడచి పోయెను. కొండ అతనిని అలయజేసెను, అతడు కొండను అలయజేయలేదు. 2023లో కేదారమును దర్శించినవారు 19 లక్షలకు పైబడిరి. హెలికాప్టర్లు లోయలో ఋతువంతయు మ్రోగుచుండును. సోన్‌ప్రయాగ నుండి కేదారము వరకు తీగదారి నిర్మాణమునకు 2025లో కేంద్రప్రభుత్వము ఆమోదమిచ్చినది. ఎనిమిది తొమ్మిది గంటల త్రోవ 36 నిమిషములు కానున్నది. ముసలివారికి, రోగులకు ఇది వరమని చెప్పువారి మాట త్రోసివేయదగినది కాదు. గుర్రముల నడుములు విరుగకుండుటయు మేలే. యాత్రికుని డబ్బువలననే ఆ లోయలో పొయ్యి వెలుగుచున్నదనునది కూడ నిజము. అట్లని లక్షలమంది తీసికొనిపోవు పుణ్యమునకు కొండ ఎంత చెల్లించుచున్నదో చూడకుండుట ఎట్టి భక్తి? వచ్చువారి సంఖ్యకు ఒక హద్దు పెట్టవలెనన్నచో, ఈ యేడు నా వంతు మరొకరికి వదలుదునను భక్తుడు ఎక్కడనో యొకచోట ఉండవలెను. మారయ్య గింజలు తిరిగి వేసివచ్చెను. కట్టుకొన్న టిక్కెట్టును వదలుకొనుట అంతకంటె కష్టమా?

కొండవారు మాత్రము ఎవరి నిర్ణయమునకును వేచియుండుట లేదు. ఉత్తరాఖండ్‌లో 2011 జనాభా లెక్కల తరువాత పూర్తిగా పాడుపడిన గ్రామములు 734 అని ఆ రాష్ట్రపు వలసల సంఘము 2018లో తెలిపెను. అన్నిటికి కారణము వేడి యనుట తప్పు; పని లేమి, బడి లేమి, వైద్యుని లేమి ముందు కారణములు. కాని ఊట ఎండినచోట, వాన వేళ తప్పినచోట, కొండ జారునను భయము చేరినచోట, పోవుటయా ఉండుటయా యని తడబడువాడు పోవుటకే నిశ్చయించుకొనును. తాళము వేసిన ఇంటి ముందు కొంతకాలము ఆకుకూర తనంతట మొలచుచుండును. తరువాత అదియు మానును.

రైణీవారు ఇంకను పూర్తిగా పోలేదు. తమను సురక్షితమైన చోటికి మార్చుమని వారు అడుగుచు వచ్చిరి. 2021 ఫిబ్రవరిలో నది వచ్చిపోయిన తరువాత, మరల వచ్చునేమో యను భయముతో, ఆ లోయవారు చీకటి పడగానే పిల్లలను, ముసలివారిని తీసికొని ఇండ్లు విడిచి పైకి పోయిరి. ఆ చలిలో కొన్ని రాత్రులు వారు అడవిలో చెట్లక్రింద గడపిరి.